సున్నం తగ్గాలంటే బ్యాక్టీరియా ఎంత పులుపు ఓర్చుకోవాలి: ఒక లాక్టిక్ యాసిడ్ స్ట్రెయిన్ కేస్ స్టడీ

లాక్టిక్ యాసిడ్ ఫెర్మెంటేషన్‌లో బ్యాక్టీరియా తను వదిలిన యాసిడ్‌తో తనే ఆగిపోతుంది. అలా ఆగకుండా ఉండాలంటే పీహెచ్‌ను (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) 6 దగ్గర నిలబెట్టాలి. అందుకోసం బ్యాచ్ పొడవునా సున్నం స్లర్రీ పోస్తూనే ఉండాలి. చివరికి ట్యాంకులో మిగిలేది లాక్టిక్ యాసిడ్ కాదు, కాల్షియం లాక్టేట్. అందులోంచి యాసిడ్‌ను మళ్లీ రాబట్టడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే, కాల్షియం అంతా జిప్సంగా దిగుతుంది. కాగితం మీద లెక్క వేస్తే టన్ను లాక్టిక్ యాసిడ్‌కు 0.41 టన్నుల కాల్షియం హైడ్రాక్సైడ్, 0.54 టన్నుల సల్ఫ్యూరిక్ యాసిడ్ ఖర్చవుతాయి. మిగిలే జిప్సం 0.96 టన్నులు. అమ్మే సరుకు ఎంతో, ఎక్కడ వేయాలో తెలియని సరుకు కూడా దాదాపు అంతే.

మా టీమ్ దగ్గరకు వచ్చిన పని ఒక్క మాటలో చెప్పారు: పులుపు తట్టుకునే స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ప్రత్యేక రకం) తయారు చేయండి, సున్నం తగ్గుతుంది. స్ట్రెయిన్ లాక్టోబాసిల్లస్ కేసీ గుంపుకు చెందినది, లాక్టిక్ యాసిడ్‌కు ఉన్న ఎల్, డీ అనే రెండు అద్దపు ప్రతిబింబ రూపాల్లో ఎల్-లాక్టిక్ యాసిడ్ ఇస్తుంది. (2020లో ఈ ప్రజాతిని విడగొట్టాక దీని పేరు లాక్టికేసీబాసిల్లస్. పాత పేపర్లు వెతికేవాళ్లు రెండు పేర్లతోనూ వెతకాలి.) సరుకులో కొంత ఆహార పరిశ్రమకు వెళ్తుంది కాబట్టి బయటి జన్యువులు పెట్టకూడదన్నది ముందే పెట్టిన షరతు.

ముందు లెక్క, తర్వాత ప్రయోగం

ఇలాంటి ప్రాజెక్టులు చాలావరకు "పీహెచ్ 6 బదులు 5లో పెరిగే స్ట్రెయిన్ వస్తే చాలు" అన్న ఊహతో మొదలవుతాయి. దాని విలువ ఎంతో ముందే చూసుకోవడం మంచిది. లాక్టిక్ యాసిడ్ పీకేఏ 3.86. అంటే పీహెచ్ 3.86 దగ్గర సగం యాసిడ్ ప్రోటాన్‌ను పట్టుకునే ఉంటుంది, మిగతా సగం లాక్టేట్‌గా విడిపోతుంది. సున్నం ఖర్చయ్యేది విడిపోయిన భాగానికే. పీహెచ్ 6 దగ్గర విడిపోకుండా మిగిలేది 0.7 శాతం. 5 దగ్గర 6.8 శాతం. 4.5 దగ్గర 18.6, 4.2 దగ్గర 31, 4.0 దగ్గర 42 శాతం. ఉప్పులు ఎక్కువున్న బ్రాత్‌లో (బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో) పీకేఏ కాస్త కిందికి జరుగుతుంది కాబట్టి ఈ అంకెలు అక్షరాలా అలాగే రావు. కానీ నిర్ణయం తీసుకోవడానికి ఇవి చాలు.

6 నుంచి 5కి వస్తే సున్నం తగ్గేది ఆరు శాతం. అదే సమయంలో కణానికి విషమైన విడిపోని యాసిడ్ తొమ్మిది రెట్లు పెరుగుతుంది. బ్యాక్టీరియాను అంత కష్టపెట్టి మనం మిగుల్చుకునేది అంత తక్కువ. ఖర్చు కనిపించేంతగా తగ్గాలంటే 4.5 కంటే కిందికి పోవాల్సిందే. లక్ష్యం పీహెచ్ 4.2 అని రాసుకున్నాం. లీటరుకు 100 గ్రాముల లాక్టిక్ యాసిడ్ ఉన్న బ్రాత్‌లో 4.2 అంటే 31 గ్రాములు విడిపోని రూపంలో ఉన్నట్టు. పీహెచ్ 6లో అదే 0.7 గ్రాములు.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి దాగి ఉంది. ప్రాజెక్టును మలుపు తిప్పింది అదే. ఎంత సున్నం పట్టిందో తేల్చేది బ్యాచ్ ఆగిన చోట ఉన్న పీహెచ్. దారిలో ఎక్కడెక్కడ ఉందన్నది కాదు. 100 గ్రాముల యాసిడ్‌తో 4.2 దగ్గర ఆగే బ్యాచ్‌కు 69 గ్రాములకు సరిపడా సున్నం కావాలి. ఆ 69 గ్రాములు పీహెచ్ 6 దగ్గర హాయిగా తయారైనా సున్నం అంతే, మొదటి గంట నుంచీ 4.2 దగ్గర అవస్థ పడుతూ తయారైనా అంతే. కాబట్టి మన స్ట్రెయిన్ 4.2 దగ్గర పెరగాల్సిన అవసరమే లేదు. అప్పటికే పెరిగి ఉన్న కణాలు, సున్నం ఆపేశాక, చివరి 31 గ్రాములు చేసిపెడితే చాలు.

"పెరగడం", "పనిచేయడం" వేర్వేరు అన్నది కొత్త సంగతేమీ కాదు. 1959లోనే లుడెకింగ్, పీరే లాక్టిక్ యాసిడ్ వేగాన్ని రెండు భాగాలుగా రాశారు. ఒకటి పెరుగుదల వేగాన్ని బట్టి వచ్చేది, రెండోది పెరగకపోయినా ఉన్న కణాల బరువును బట్టి వచ్చేది. మాకు కావలసింది ఆ రెండో భాగం, అదీ పులుపులో. కానీ పులుపు ఓర్పు కోసం వాడే పద్ధతులు ఎక్కువగా మొదటి భాగాన్నే చూస్తాయి.

కణం లోపల ఏం జరుగుతోంది

విడిపోని లాక్టిక్ యాసిడ్‌కు విద్యుదావేశం లేదు కాబట్టి పొర దాటి లోపలికి వస్తుంది. లోపల పీహెచ్ ఎక్కువ కాబట్టి అక్కడ విడిపోయి ప్రోటాన్‌ను వదులుతుంది. ఆ ప్రోటాన్‌ను ఎఫ్1ఎఫ్0 ఏటీపేజ్ అనే పంపు ఏటీపీ (కణం శక్తికి వాడే అణువు) ఖర్చుపెట్టి బయటికి తోస్తుంది. ఒక గ్లూకోజ్‌కు ఈ బ్యాక్టీరియా సంపాదించేదే రెండు ఏటీపీలు. బయట పులుపు పెరిగేకొద్దీ సంపాదనంతా పంపుకే పోయి, పెరుగుదలకు ఏమీ మిగలదు. పాఠ్యపుస్తకాల్లో ఉండే కథ ఇక్కడితో ఆగుతుంది.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ప్రోటాన్ పోయాక లోపల మిగిలే లాక్టేట్. అది పొర దాటి తేలిగ్గా వెళ్లలేదు. బయట పీహెచ్ 4, లీటరుకు 9 గ్రాముల లాక్టిక్ యాసిడ్, అంటే 0.1 మోల్ ఉందనుకోండి. కణం లోపలి పీహెచ్‌ను 7 దగ్గర నిలబెట్టుకుంటే, సమతాస్థితి లెక్క ప్రకారం లోపల బయటికంటే 580 రెట్లు పేరుకోవాలి. అంటే 58 మోల్స్. అది అసాధ్యం. లోపలి పీహెచ్‌ను 5కి జారనిస్తే ఆరు రెట్లే, 0.6 మోల్స్ చిల్లర. అది భారమే కానీ బతకవచ్చు. లాక్టేట్‌ను బయటికి పంపే దారులు కణంలో ఉంటాయి కాబట్టి వాస్తవం ఇంత సూటిగా ఉండదు, అయినా దిశ మాత్రం ఇదే.

లాక్టిక్ బ్యాక్టీరియా నిజంగా చేసేది కూడా ఇదే. ఈ.కోలై లోపలి పీహెచ్‌ను తటస్థంగా ఉంచుకోవడానికి చివరిదాకా పోరాడుతుంది. లాక్టిక్ జాతులు బయట తగ్గుతుంటే లోపల కూడా తగ్గనిస్తాయి, రెండింటి మధ్య తేడాను మాత్రం కాపాడుకుంటాయి. కాబట్టి ప్రోటాన్‌ను ఎక్కువ గెంటేసే స్ట్రెయిన్ కోసం వెతకడం సగం మాత్రమే సరైన పని. లోపల పుల్లబడినా గ్లైకాలిసిస్ (చక్కెరను విరిచి శక్తి తీసే ప్రక్రియ) ఆగని కణం కావాలి, తక్కువ యాసిడ్‌ను లోపలికి రానిచ్చే పొర కావాలి.

ఏ పద్ధతి పట్టుకున్నాం

ప్రకృతిలో ఇంకా దారులున్నాయి. గ్లుటామేట్‌ను డీకార్బాక్సిలేట్ చేసి ఒక ప్రోటాన్‌ను మింగేయడం, ఆర్జినైన్‌ను విరిచి అమ్మోనియా, ఒక ఏటీపీ పొందడం, పొరలోని కొవ్వు ఆమ్లాలను సైక్లోప్రొపేన్ రూపంలోకి మార్చడం. ఆర్జినైన్ దారి ల్యాబ్‌లో చాలా అందంగా పనిచేస్తుంది. కానీ లీటరుకు పదుల గ్రాముల యాసిడ్‌కు ఎదురు నిలబడాలంటే ఎంత అమైనో ఆమ్లం పోయాలో లెక్క వేస్తే ముచ్చట తీరిపోతుంది. పైగా పోసినదంతా శుద్ధి విభాగం వాళ్ల నెత్తిన పడుతుంది. దాన్ని పక్కన పెట్టాం.

మిగిలినవి రెండు. మొదటిది జీనోమ్ షఫ్లింగ్: యూవీతోనో రసాయనంతోనో మ్యుటేషన్లు తెచ్చి, మంచివాటి కణగోడలు తీసేసి, ప్రోటోప్లాస్టులను కలిపి, మళ్లీ ఎంచుకోవడం. 2002లో నేచర్ బయోటెక్నాలజీలో లాక్టోబాసిల్లస్ మీద వచ్చిన పని ఈ దారికి గట్టి ఆధారం. అందులో షఫుల్ చేసిన స్ట్రెయిన్లు పీహెచ్ 4.0 దగ్గర మాతృ స్ట్రెయిన్ కంటే మూడు రెట్లు లాక్టిక్ యాసిడ్ ఇచ్చాయి. రెండోది అడాప్టివ్ ఎవల్యూషన్: ఒత్తిడిని మెల్లగా పెంచుతూ తరాల తరబడి పెంచి, దానంతట అదే మారనివ్వడం. మేం రెండోదాన్ని ప్రధానంగా తీసుకున్నాం. అది గొప్పదని కాదు. ప్రోటోప్లాస్టులకు మళ్లీ గోడ మొలిపించడం మా స్ట్రెయిన్‌తో మొండి పనిగా తేలింది, అంతే.

మామూలు పద్ధతిలో వరసగా తక్కువ పీహెచ్‌లోకి మారుస్తూ పోతే ఎంపికయ్యేది పెరుగుదల వేగం. పైన చెప్పిన కారణంగా మాకు అది అక్కర్లేదు. అందుకని చక్రాన్ని మార్చాం. పీహెచ్ 5.5లో పెంచడం, తర్వాత చక్కెర ఉండగానే లాక్టిక్ యాసిడ్‌తో పీహెచ్‌ను దించి చాలాసేపు అక్కడే ఉంచడం, ఆ తర్వాత కొద్ది భాగాన్ని తీసి మళ్లీ 5.5లో లేపడం. పులుపులో ఉన్నంతసేపూ చక్కెర తింటూ ఏటీపీ నిలుపుకున్న కణాలు ముందుగా లేస్తాయి. నీరసించినవి వెనకబడతాయి. ఇది కూడా నేరుగా ఉత్పత్తిని ఎంచుకునే పద్ధతి కాదు కానీ దానికి దగ్గర.

పీహెచ్ దించడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడితే సులువు. కాకపోతే అది పొర దాటి లోపలికి రాదు. దాంతో ఎంచుకున్న కణాలు బయటి ప్రోటాన్‌కు అలవాటుపడినవే తప్ప లాక్టిక్ యాసిడ్‌కు అలవాటుపడినవి కావు. ప్రోబయోటిక్ పనుల్లో చేసే పీహెచ్ 2.5 బతుకు పరీక్ష కూడా ఇలాంటిదే. కడుపు దాటడానికి అది సరైన ప్రశ్న, ఫెర్మెంటర్‌కు కాదు. మా ఐసోలేట్లలో (విడదీసి పెంచిన స్ట్రెయిన్లలో) ఆ పరీక్షలో మెరిసినవి 4.2 దగ్గర చక్కెర తీసుకోవడంలో మాతృ స్ట్రెయిన్‌ కంటే గొప్పగా ఏమీ లేవు.

స్క్రీనింగ్: అసలు పని ఇక్కడే

ఎంపికలోంచి వచ్చిన కాలనీలను ఒక్కొక్కటిగా ఉత్పత్తికి పరీక్షించాలి. చిన్న గుంటల ప్లేట్లలో పీహెచ్ నియంత్రణ ఉండదు, యాసిడ్ రాగానే పీహెచ్ కుప్పకూలుతుంది. దీనికి జవాబు లాక్టేట్‌లోనే ఉంది. పీకేఏ 3.86 కాబట్టి 4.2 దగ్గర లాక్టేట్ మంచి బఫర్. లీటరుకు 60 గ్రాముల లాక్టేట్‌తో 4.2 దగ్గర మొదలుపెడితే, బ్యాక్టీరియా ఇంకో 10 గ్రాములు చేసినా పీహెచ్ సుమారు 4.0 దాకానే పడుతుంది. ఒత్తిడిని తెచ్చేదీ అదే, నిలబెట్టేదీ అదే. కణాలను వేరేగా పెంచి, కడిగి, ఒకే సాంద్రతతో ఇందులో వేసి, తగ్గిన గ్లూకోజ్‌ను కణాల పొడి బరువుతో భాగించి చూశాం. టర్బిడిటీ (కణాలు పెరిగితే ద్రవానికి వచ్చే మసక) అంకెను ఎంపికకు వాడనివ్వలేదు. అది చూడ్డానికి తేలిక కాబట్టి ఎప్పుడూ నెగ్గాలని చూస్తుంది.

మీడియా (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) మాత్రం మమ్మల్ని చాలా తిప్పలు పెట్టింది. ల్యాబ్‌లో అందరూ వాడే ఎంఆర్‌ఎస్ మీడియాను 1960లో లాక్టోబాసిల్లస్‌లు బాగా పెరగాలని తయారుచేశారు. అందులో లీటరుకు 5 గ్రాముల సోడియం అసిటేట్ ఉంటుంది. పీహెచ్ 6 దగ్గర దానితో ఇబ్బంది లేదు. అసిటిక్ యాసిడ్ పీకేఏ 4.76 కాబట్టి ఎంఆర్‌ఎస్‌ను 4.0కి దించితే ఆ అసిటేట్‌లో 85 శాతం విడిపోని అసిటిక్ యాసిడ్‌గా మారుతుంది. మనం లాక్టిక్ యాసిడ్‌కు అలవాటు చేస్తున్నామనుకుంటాం. బ్యాక్టీరియా మాత్రం అసిటిక్ యాసిడ్‌తో కూడా తంటాలు పడుతుంటుంది.

రెండోది ట్వీన్ 80 అనే, నూనెను నీటిలో కలిపే పదార్థం. లీటరుకు ఒక మిల్లీలీటరే. కానీ అది ఓలియిక్ ఆమ్లం సరఫరా. ఈ బ్యాక్టీరియా దాన్ని తీసుకుని పొరలో పెట్టుకుంటుంది, కొంత భాగాన్ని సైక్లోప్రొపేన్ రూపంలోకి మార్చుకుంటుంది. ఆ పొర పులుపును బాగా తట్టుకుంటుంది. ఎంఆర్‌ఎస్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న ఐసోలేట్లు, కార్న్ స్టీప్ లిక్కర్‌తో (మొక్కజొన్న నానబెట్టిన నీటి నుంచి వచ్చే పోషకంతో) చేసిన ప్లాంట్ మీడియాలో పెట్టగానే మాతృ స్ట్రెయిన్ స్థాయికే వచ్చేయడానికి కారణం ఇదే. ప్లాంట్ మీడియాలో కొంచెం ట్వీన్ కలిపి చూస్తే ఓర్పు తిరిగి వచ్చింది. కలిపి నడపవచ్చు కదా అని ఉత్పత్తి విభాగం అడిగింది. శుద్ధి దశలో అది తెచ్చే చిక్కులు తెలిసినవాళ్లు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఎవల్యూషన్ చక్రాలన్నిటినీ ట్వీన్, అసిటేట్ లేని ప్లాంట్ మీడియాలోకి మార్చాం. ఫలితాలు నెమ్మదించాయి. వచ్చినవి మాత్రం ఫెర్మెంటర్‌లో కూడా నిలిచాయి.

ఇంకో జల్లెడ వంశపారంపర్యం. ఈ కణాలను పీహెచ్ 5 దగ్గర కాసేపు ఉంచితే చాలు, జన్యువుల్లో ఏ మార్పూ లేకుండానే ఆ తర్వాత వచ్చే పులుపును బాగా తట్టుకుంటాయి. అలాంటి కణాన్ని మ్యుటెంట్ అనుకునే ప్రమాదం ఉంది. అందుకని ప్రతి అభ్యర్థినీ ఒత్తిడి లేని మీడియాలో, కొన్నిసార్లు కొత్త మీడియాలోకి మారుస్తూ పెంచి, ఆ తర్వాతే మళ్లీ పరీక్షించాం. జాబితా బాగా కుంచించుకుపోయింది.

మిగిలినవాటిలో ఒకటి అన్నిటికంటే ముందుంది. అది మరీ ముందుంది కాబట్టే అనుమానం వచ్చింది. ఎల్, డీ రూపాలను విడిగా కొలిస్తే డీ-లాక్టిక్ యాసిడ్ తన్నుకొచ్చింది. జాతిని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్ చూస్తే అది మా స్ట్రెయినే కాదు, మధ్యలో దూరిన వేరే లాక్టిక్ జాతి. తరాల తరబడి పుల్లటి చక్కెర నీళ్లు పెట్టుకుని కూర్చుంటే ఇలాంటి అతిథులు రాకుండా ఉండరు. తక్కువ పీహెచ్ వల్ల కాలుష్యం తగ్గుతుందన్న మాట చాలా బ్యాక్టీరియాల విషయంలో నిజమే, దగ్గరి చుట్టాల విషయంలో కాదు. పాలిమర్ (ప్లాస్టిక్) కోసం అమ్మే యాసిడ్‌లో డీ రూపం కొంచెం కలిసినా సరుకు విలువ పడిపోతుంది కాబట్టి, ఐసోమర్ పరీక్షను ప్రతి ఫ్రీజర్ స్టాక్‌కూ తప్పనిసరి చేశాం.

ఫెర్మెంటర్‌లో

చివరికి ఎంచుకున్న స్ట్రెయిన్ అద్భుతాలేమీ చేయదు. పీహెచ్ 6 దగ్గర మాతృ స్ట్రెయిన్‌లాగే పెరుగుతుంది, యాసిడ్ కూడా అంతే చేస్తుంది. 4.2 దగ్గర పెరగదు. మాతృ స్ట్రెయిన్ ఆ పులుపులో చక్కెర ముట్టడం దాదాపు మానేస్తే, ఇది నెమ్మదిగానైనా తింటూనే ఉంటుంది. మాకు కావలసింది సరిగ్గా అదే. జీనోమ్ చదివించాం. మార్పులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, అందులో పొర, కణగోడ చుట్టూ ఉన్న జన్యువులు కనిపించాయి. ఒక్కో మార్పును విడిగా మాతృ స్ట్రెయిన్‌లో పెట్టి చూడనిదే ఏది అసలు కారణమో చెప్పడం ఊహాగానమే.

ప్రక్రియ ఇలా ఉంటుంది. సున్నంతో పీహెచ్ 6 దగ్గర లీటరుకు 69 గ్రాముల దాకా తీసుకెళ్లి, సున్నం ఆపేయడం. అక్కడి నుంచి పీహెచ్ ఒకే తీరుగా దిగదు. సున్నం లేకుండా మొదటి 5 గ్రాములు చేరేసరికే 5.0కి పడుతుంది, 10 గ్రాములకు 4.7, 20కి 4.4, 31కి 4.2. అంటే కణాలకు సర్దుకునే సమయం మొదట్లోనే తక్కువ. ఆ మొదటి జారుడును కాస్త నిదానం చేయడానికి సున్నాన్ని ఒక్కసారిగా కట్టేయకుండా క్రమంగా తగ్గించుకుంటూ వచ్చాం. పైన చెప్పిన ముందస్తు అలవాటు ఇక్కడ మనకు ఉపయోగపడింది. స్క్రీనింగ్‌లో మోసగించిందే ఫెర్మెంటర్‌లో సాయం చేసింది.

పెద్ద ట్యాంకులో కొత్తగా తెలిసింది పీహెచ్ కొలిచే ప్రోబ్ ఎంత ముఖ్యమో. 6 దగ్గర ప్రోబ్ 0.1 తప్పు చూపినా విడిపోని యాసిడ్‌లో తేడా నామమాత్రం. 4.0 దగ్గర అదే 0.1 తప్పు ఆ శాతాన్ని 42 నుంచి 48కి తీసుకెళ్తుంది. లీటరుకు 100 గ్రాముల యాసిడ్ ఉన్న బ్రాత్‌లో అది దాదాపు 6 గ్రాముల విషం. ఆవిరితో స్టెరిలైజ్ అయ్యి, సున్నం పేరుకున్న ప్రోబ్ నిజం చెబుతుందని నమ్మలేం. సున్నం ఆపిన దగ్గర్నుంచి శాంపిల్ తీసి బయట మీటర్‌తో సరిచూడటం ఆపరేటర్ షీట్‌లో చేర్చాం.

4.2 దాకా వెళ్లగలమని చూపించాం, కానీ ప్లాంట్‌లో 4.4 దగ్గరే ఆపుతున్నాం. చివరి పదకొండు గ్రాములు పట్టే సమయంలో ట్యాంకు ఇంకో బ్యాచ్‌కు ఉపయోగపడుతుంది కాబట్టి. సున్నం ఆపాక 20 గ్రాములే చేయిస్తే మొత్తం 89 గ్రాములు వస్తాయి, అందులో 22 శాతం సున్నం లేకుండా వచ్చినది. జిప్సం లెక్కలో టన్నుకు 0.96 నుంచి 0.75 టన్నుల దగ్గరకు. ట్యాంకులు ఖాళీగా ఉండి, జిప్సం వదిలించుకోవడమే పెద్ద టెన్షన్ అయిన చోట 4.2 దాకా వెళ్లడమే సరి. ఇది బ్యాక్టీరియా తేల్చే విషయం కాదు.

జిప్సం పూర్తిగా పోవాలనుకునేవాళ్లకు నా సలహా వేరు. పీహెచ్ 3 దగ్గర లాక్టిక్ బ్యాక్టీరియాతో కుస్తీ పట్టేకంటే, ఆ పీహెచ్‌లో మామూలుగానే బతికే ఈస్ట్‌లో లాక్టిక్ యాసిడ్ చేసే ఎంజైమ్ అయిన లాక్టేట్ డీహైడ్రోజినేజ్ జన్యువు పెట్టడం మేలు. మా షరతులకు అది కుదరలేదు.

ఇప్పుడు మా చేతిలో ఉన్న పని ఫేజ్‌లది, అంటే బ్యాక్టీరియాకు పట్టే వైరస్‌లది. పులుపు ఓర్చుకోవడానికీ, వైరస్‌ను తట్టుకోవడానికీ సంబంధం లేదు. పాత స్ట్రెయిన్‌ను దెబ్బతీసే ఫేజ్‌లకు కొత్తది కూడా లొంగుతుందనే ముందుగా అనుకోవాలి. అయితే కణగోడ జన్యువుల్లో మార్పు ఉంది కాబట్టి ఫేజ్ అంటుకునే తీరు ఏ వైపుకైనా మారి ఉండవచ్చు. అందుకే ప్లాంట్‌లో దాచిన పాత ఫేజ్ శాంపిళ్లన్నిటితో రెండు స్ట్రెయిన్లనూ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తున్నాం. అది తేలేవరకు మాతృ స్ట్రెయిన్ వర్కింగ్ బ్యాంక్‌ను (వాడకానికి దాచిన కణాల నిల్వను) ఫ్రీజర్లోంచి తీసేయొద్దని చెప్పాం.